కాలువలు కట్టేసిన రోజుల్లో గాలం సామాను సరిచేసుకోవడం ఎలా

బెజవాడలో గాలం వేసేవాళ్లకు ఏటా ఒక విరామం వస్తుంది. ఎండలు ముదిరాక బందరు, ఏలూరు, రైవస్ కాలువలకు నీళ్లు ఆపేస్తారు. ప్రవాహం ఆగి, నీళ్లు అక్కడక్కడా మడుగులుగా మిగిలినప్పుడు ఏదైనా వంతెన మీద నిలబడి కిందికి చూడండి. రాళ్ల సందుల్లో, ఎండిన గుర్రపు డెక్కలో, పాత చీర ముక్కల్లో చిక్కుకున్న నైలాన్ దారాలు కనిపిస్తాయి. కొన్నింటి చివర సీసపు గుండ్లు వేలాడుతుంటాయి. అదంతా మనం నీళ్లపాలు చేసిన డబ్బు.

అయితే అది పైకి కనిపించే నష్టం మాత్రమే. నా అనుభవంలో చేప తెంచుకుపోయిన సామాను కంటే ఇంట్లో, స్కూటర్ డిక్కీలో, బాల్కనీ మూలన పడి పాడైన సామానే ఎక్కువ. దానికి కారణం తడి, ఇసుక, ఎండ. కాలువల్లో నీళ్లు లేని ఈ రోజుల్లో రెండు ఆదివారాలు కూర్చుంటే, ఖరీఫ్‌కు నీళ్లు వదిలే నాటికి మీ సామానంతా సిద్ధంగా ఉంటుంది. కొత్తగా కొనాల్సినవి కూడా చాలావరకు తగ్గిపోతాయి.

ముందు అంతా ఒక దుప్పటి మీద పరవండి

ఏదీ శుభ్రం చేయకముందే, ఏదీ కొనకముందే, ఇంట్లో ఉన్న గాలం సామానంతా ఒకచోట పోయండి. సంచుల అడుగున ఉన్నవి, డిక్కీలో మరిచిపోయినవి, తమ్ముడికి ఇచ్చినవి కూడా తెప్పించండి. పోయిన ఏడాది వాడినవి ఒక పక్కకు, బాగుచేస్తే పనికొచ్చేవి మరో పక్కకు పెట్టండి. మూడో కుప్ప మీకు తెలియకుండానే తయారవుతుంది. అవి రెండోసారి, మూడోసారి కొన్నవి. నేను మొదటిసారి ఇలా పరిచినప్పుడు ఒకే సైజు కొక్కేల పొట్లాలు నాలుగు, సీలు కూడా విప్పనివి, బయటపడ్డాయి. దుకాణానికి వెళ్లిన ప్రతిసారీ ‘ఇంట్లో ఉన్నాయో లేవో’ అన్న అనుమానంతో కొన్నవే అవన్నీ. ఇప్పుడు ఉన్నవాటి పట్టిక ఫోనులో రాసిపెట్టుకున్నాను. నాకు డబ్బు మిగిల్చిన పనుల్లో అన్నిటికన్నా తేలికైనది ఇదే.

రీలు: తీరిక చేసుకుని చేయాల్సిన పని

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా కింది వాటాలోకి నడుము లోతు నీళ్లు వచ్చాయి. బీరువా కింది అరలో గాలం దారం చుట్టే ఒకే రకం రీళ్లు రెండు ఉండేవి. నీళ్లు తీసి ఇంట్లోకి వచ్చిన రోజే ఒకదాన్ని విప్పి కడిగాను. రెండోదాన్ని పైపైన తుడిచి, ఇల్లంతా బురద ఎత్తాల్సి ఉంది కదా, తర్వాత చూద్దామని కిటికీలో పెట్టాను. రెండు వారాల తర్వాత చూస్తే హ్యాండిల్ కదల్లేదు. లోపల బేరింగులు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. మొదటిది ఇవాళ్టికీ మెత్తగా తిరుగుతోంది. ఒకే వరద, ఒకే బురద. తేడా అంతా ఆ రోజు కేటాయించిన గంటలోనే ఉంది.

రీలు విప్పడానికి భయపడనక్కర్లేదు, తొందర మాత్రం పనికిరాదు. బల్ల మీద లేత రంగు తువ్వాలు పరవండి. దానిపై స్ప్రింగు పడినా ఎగిరిపోదు, చిన్న వాషర్ కూడా కంటికి కనిపిస్తుంది. పక్కన ఒక పాత ఇడ్లీ ప్లేటు పెట్టుకోండి. తీసిన భాగాలను తీసిన వరుసలోనే ఒక్కో గుంటలో వేస్తూ పోతే, బిగించేటప్పుడు వెనక నుంచి మొదలుపెట్టవచ్చు. ప్రతి భాగం తీసే ముందు ఫోనుతో ఒక ఫొటో తీయండి. ఏ వాషర్ పైన ఉందో, ఏది కింద ఉందో మనసు మరిచిపోయినా ఫొటో మరిచిపోదు.

పైన డ్రాగ్ మర (చేప లాగినప్పుడు దారం ఎంత బిగువుగా వదలాలో సరిచేసేది) విప్పి, స్పూల్ (దారం చుట్టుకుని ఉండే భాగం) తీయండి. దాని కింద నిలువు కడ్డీ చుట్టూ వెంట్రుకలు, తెగిన దారపు పోగులు, ఇసుక పేరుకుని ఉంటాయి. పాత టూత్‌బ్రష్షుతో దులపండి. తర్వాత హ్యాండిల్ తీసి, పక్క మూత మరలు విప్పితే పళ్ల చక్రాలు కనిపిస్తాయి. గ్రీజు తేనె రంగులో ఉంటే దాని జోలికి వెళ్లకండి. నల్లబడితే, లేదా వేళ్ల మధ్య నలిపినప్పుడు గరగరలాడితే మొత్తం తీసేయాల్సిందే. దూది చుట్టిన పుల్లను కొంచెం కిరోసిన్‌లో ముంచి పంటి పంటికీ తుడవండి. కిరోసిన్ దొరక్కపోతే గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు కలిపిన గోరువెచ్చని నీళ్లూ పనిచేస్తాయి. అప్పుడు నీడలో పూర్తిగా ఆరనివ్వాలి. పెట్రోలు మాత్రం వాడకండి. ప్లాస్టిక్ భాగాలను పాడుచేస్తుంది, మంటల ప్రమాదం సరేసరి.

కొత్త గ్రీజు అగ్గిపుల్ల తలంత చాలు. పళ్లకు పలచగా పట్టించండి. లోపలంతా నింపితే రీలు బరువెక్కుతుంది, ఆ గ్రీజే ఇసుకను పట్టి ఉంచుతుంది. నూనె వేయాల్సిన చోట్లు వేరు: హ్యాండిల్ పిడి, నిలువు కడ్డీ, బెయిల్ అనే వంపు తీగ మడత పడే రెండు కీళ్లు, దారం ఆనుకుని తిరిగే చిన్న చక్రం. ఒక్కోచోట ఒక్కో చుక్క. దీనికి కుట్టు మిషన్ నూనె బాగా పనిచేస్తుంది. చిన్న సీసా కొంటే నాకు మూడేళ్లు వచ్చింది. కొబ్బరి నూనె వేయకండి. చలికాలంలో గడ్డకడుతుంది, కొంతకాలానికి జిగురుగా మారుతుంది.

రెండు చోట్ల నూనె అసలు పడకూడదు. ఒకటి, స్పూల్ లోపలి డ్రాగ్ వాషర్లు. అవి ఫెల్టువైతే నూనె తాగి జారతాయి, పెద్ద చేప లాగినప్పుడు పట్టు దొరకదు. రెండు, హ్యాండిల్ వెనక్కి తిరగకుండా ఆపే బేరింగు. దానిలోకి నూనె వెళ్తే సరిగ్గా గాలం గుంజే క్షణంలో హ్యాండిల్ వెనక్కి జారుతుంది. ఆ బేరింగును విప్పకుండా వదిలేయడమే నేనిచ్చే సలహా. మళ్లీ అమర్చడం కొత్తవాళ్లకు కష్టం.

ఇక దారం ఆనుకుని తిరిగే ఆ చిన్న చక్రం గురించి. రీలులో అతి చిన్న భాగం, ఎవరూ చూడని భాగం, దారాన్ని పాడుచేసే భాగం అదే. అది తిరగడం మానేస్తే దారం ఒకేచోట రాసుకుంటూ వస్తుంది. కొద్ది నెలల్లో వేడికి, రాపిడికి దారం గరుకెక్కుతుంది. తిరుగుతోందో లేదో తెలుసుకోవడానికి దాని అంచు మీద గోళ్ల రంగుతో ఒక చుక్క పెట్టండి. దారం కొసను చక్రం మీదుగా పోనిచ్చి, కాస్త బిగువుగా లాగుతూ చూడండి. చుక్క తిరిగితే సరే. కదలకుండా ఉంటే ఒక చుక్క నూనె వేసి, వేలితో అటూ ఇటూ ఆడించండి. అప్పటికీ కదలకపోతే దాని మర విప్పి లోపలి ఇసుక తీయాలి. దారం ఊరకే తెగుతోందని కొత్త దారం కొనేవాళ్లను చాలామందిని చూశాను. వాళ్ల రీలు తీసుకుని చూస్తే ఎక్కువసార్లు ఈ చక్రమే బిగిసి ఉండేది.

గాలం వేసి వచ్చిన ప్రతిసారీ ఇంత పని అవసరం లేదు. కాలువ నుంచి వస్తే తడిగుడ్డతో తుడిచి నీడలో ఆరబెడితే చాలు. సూర్యలంక, మంగినపూడి వైపు సముద్రానికి వెళ్లి వస్తే మాత్రం ఆ రాత్రే మంచినీళ్లతో కడగాలి. ముందు డ్రాగ్ మర గట్టిగా బిగించండి, నీళ్లు వాషర్లలోకి పోవు. తర్వాత పైనుంచి చెంబుతో సన్నగా పోయండి. పంపు కింద ఉధృతంగా పట్టినా, బకెట్లో ముంచినా ఉప్పు బయటికి రాకపోగా లోపలికి పోతుంది. ఆరాక డ్రాగ్ వదులు చేసి పెట్టండి. నెలల తరబడి బిగించి ఉంచితే వాషర్లు అణిగిపోయి, చేప లాగినప్పుడు దారం సాఫీగా సాగదు.

దారం: ఒక చుట్ట నాలుగు విడతలు

నైలాన్‌ను అమెరికాలోని డ్యూపాంట్ ప్రయోగశాలలో 1935లో తయారుచేశారు. గాలం దారంగా అది వచ్చాక అంతకుముందున్న పట్టు, నూలు దారాల్లా ప్రతిసారీ విప్పి ఆరబెట్టాల్సిన బాధ తప్పింది. దాంతో మనం దారం గురించి పట్టించుకోవడమే మానేశాం. కానీ నైలాన్‌కూ ఆయుష్షు ఉంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు దాన్ని పెళుసుగా మారుస్తాయి. వేడి కూడా మంచిది కాదు, మన వేసవిలో ఎండలో నిలబెట్టిన స్కూటర్ డిక్కీలో ఉంచితే దానికి చేటే. దుకాణంలో కూడా గుమ్మం బయట ఎండకు వేలాడదీసిన చుట్ట కొనకండి, లోపలి అరలోది అడిగి తీసుకోండి.

దారం బాగుందో లేదో తేల్చడానికి కొస నుంచి పది మీటర్లు లాగి, బొటనవేలు, చూపుడువేలు మధ్య నెమ్మదిగా పోనివ్వండి. ఎక్కడైనా గోరుకు తగిలినట్టు అనిపిస్తే అది గాటు. తెల్లగా సున్నం పూసినట్టు కనిపిస్తే ఎండకు చచ్చిన దారం. ఒక ముడి వేసి గట్టిగా లాగండి. ‘టప్’మని తేలిగ్గా తెగితే అక్కడి దాకా తీసేయండి.

అలాగని మొత్తం తీసేయనక్కర్లేదు. కాలువలో మనం విసిరేది ముప్పై, నలభై మీటర్లు. అరిగేది ఆ భాగమే. కాబట్టి స్పూల్ అడుగున పాత దారాన్నో, చవక దారాన్నో అలాగే ఉంచి, పైన యాభై మీటర్లు మాత్రమే కొత్తది చుట్టండి. రెండు దారాల కొసలనూ ఎదురెదురుగా పెట్టి, ఒక్కోదాన్ని రెండోదాని చుట్టూ నాలుగైదు చుట్లు తిప్పి ముడి వేసి, ఉమ్మితో తడిపి లాగి బిగించండి. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి ముడి దగ్గర దారం బలహీనపడుతుంది. స్పూల్ అంచు కంటే రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువ దాకా నింపండి. మరీ నింపితే చిక్కులు పడుతుంది, తక్కువైతే దూరం పోదు.

కొన్ని నెలలకు ఆ యాభై మీటర్లలో పైభాగం అరుగుతుంది. అప్పుడు దాన్ని ఖాళీ నీళ్ల సీసాకు చుట్టి, అక్కడి నుంచి మరో సీసాకు చుట్టి, తిరగేసి స్పూల్‌కు ఎక్కించండి. ఇన్నాళ్లూ లోపల నలగని కొస ఇప్పుడు పైకి వస్తుంది. ఇలా వంద మీటర్ల చుట్ట రెండు సగాలు, ఒక్కో సగం రెండు వైపులా వాడితే నాలుగు విడతలు వస్తుంది.

ఈ లెక్క కాలువలకే. ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో పెద్ద బొచ్చె కోసం కూర్చునేవాళ్లు ఇలా చేయకండి. అది లాగితే యాభై మీటర్లు క్షణాల్లో పోతాయి, ఆ తర్వాత అడుగునున్న పాత దారం మీదే చేప బరువంతా పడుతుంది. అక్కడ స్పూల్ నిండా మంచి దారమే ఉండాలి. పొదుపు చేయకూడని చోటు అది.

దారం మెలికలు పడి స్ప్రింగులా చుట్టుకుంటుంటే పారేయకండి. కాలువల్లో నీళ్లు వదిలాక ప్రవాహం బాగా ఉన్న చోట కొక్కెం, గుండు, నీళ్లపై తేలే బెండు అన్నీ తీసేసి, ఉత్త దారాన్ని నలభై మీటర్ల దాకా నీళ్లతో పాటు పోనివ్వండి. అయిదు నిమిషాలు ఆగి, వేళ్లతో బిగువుగా పట్టుకుని చుట్టండి. మెలికలన్నీ ప్రవాహమే విప్పేస్తుంది. కృష్ణా కాలువల పక్కన ఉండటం వల్ల మనకు ఊరికే దొరికే సౌకర్యం ఇది.

కొక్కేలు, గుండ్లు, బెండ్లు

కొక్కెం మొనను గోటి మీద ఆనించి మెల్లగా జరపండి. గీత పడి ఆగితే పదునుంది, జారితే లేదు. సన్నరకం ఆకురాయితో మొన పొడవునా నాలుగైదుసార్లు రుద్దితే పదును తిరిగి వస్తుంది. కొరమేను నోరు గట్టిది, దానికి మొద్దు కొక్కెం దిగదు. తుప్పు లోతుగా తిన్న కొక్కేన్ని మాత్రం దాచుకోవద్దు. దానివల్ల కొత్తవాటికీ తుప్పు అంటుతుంది. వాడిన కొక్కేలను తడి ఆరకుండా పెట్టెలో వేయకండి. బూట్ల డబ్బాల్లో, మందుల సీసాల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలను దాచి, ఒక్కో అరలో ఒకటి వేయండి.

గుండ్లు పోవడం తగ్గించాలంటే వాటిని అసలు దారానికి నేరుగా కట్టకండి. అసలు దారం పది పౌండ్లదైతే (అంటే తెగకుండా అంత బరువు ఆపేదైతే), గుండును నాలుగైదు పౌండ్ల దారంతో జానెడు పొడవున పక్కకు వేలాడదీయండి. గుండు రాళ్లలో ఇరుక్కుంటే ఆ సన్న దారమే తెగుతుంది, కొక్కెం, బెండు, చేప మీ దగ్గరే ఉంటాయి. 2024 వరదల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం వచ్చింది. అంతటి వరద తర్వాత నది అడుగు మనకు తెలిసినట్టు ఉండదు, పాత అంచనాతో విసిరితే పాత నష్టమే. అడుగు తెలియని చోట సీసం బదులు మెకానిక్ షెడ్లలో పారేసే పాత నట్లు, అరిగిన స్పార్క్ ప్లగ్గులు కట్టండి. పోయినా బాధ ఉండదు. సీసం విషం. చిన్న గుండ్లను పళ్లతో నొక్కే అలవాటు ఉంటే ఈ రోజే మానేయండి, పట్టుకారు వాడండి. గట్టు మీద ఏదైనా తినే ముందు చేతులు కడుక్కోండి. ఇంటి పొయ్యి మీద సీసం కరిగించే పని అసలే పెట్టుకోకండి.

బెండుకు కొనాల్సిన పనే లేదు. జీలుగ బెండు దొరికితే అంతకంటే మంచిది లేదు. లేకపోతే తెగిపోయిన హవాయి చెప్పు నుంచి బొటనవేలంత ముక్క కోసి, మధ్యలో వేడి సూదితో రంధ్రం చేసి, అగరుబత్తి పుల్ల దూర్చితే సరి. పైసగానికి ఎర్ర రంగు వేస్తే దూరానికి కనిపిస్తుంది. థర్మాకోల్ ముక్కలు వాడకండి. పూసలు పూసలుగా విరిగి కాలువలో కలుస్తాయి.

కొరమేనుకు వాడే రబ్బరు కప్పల గురించి ఒక మాట. వాటిని గట్టి ప్లాస్టిక్ ఎరలతో ఒకే అరలో వేస్తే కరిగి అంటుకుపోతాయి. కొన్న సంచిలోనే ఉంచండి. పళ్ల గాట్లతో నీళ్లు లోపలికి పోతుంటే, పిండి ఆరబెట్టి, రంధ్రం మీద ఒక చుక్క సూపర్ జిగురు వేస్తే ఇంకో సీజను వస్తాయి.

కర్ర

మా మేనమామది కొల్లిపర వైపు. జీవితమంతా వెదురు గాలమే వాడారు. వెదురు కొట్టగానే మూడు వారాలు కాలువ నీళ్లలో ముంచి ఉంచేవారు. అలా చేస్తే వెదురులోని పిండి పదార్థం నీళ్లలోకి దిగిపోతుంది, పుచ్చు పురుగుకు తిండి ఉండదు. తర్వాత గొడ్ల చావడి దూలానికి కట్టి, చివర ఒక ఇటుక వేలాడదీసి నీడలో ఆరబెట్టేవారు. ఆ బరువుకు కర్ర తిన్నగా వచ్చేది. ఏడాదికోసారి అవిసె నూనె రాసేవారు. అలా చేసిన ఒక కర్ర నా దగ్గర ఇప్పటికీ ఉంది. పిల్లలకు నేర్పించడానికి ఇలాంటిదే ఇవ్వండి, రీలు కొనాల్సిన అవసరం మొదటి ఏడాది రాదు.

ఫైబర్, కార్బన్ రాడ్లలో ముందు చూడాల్సింది దారం పోయే ఉంగరాలను. లోపలి పింగాణీలో వెంట్రుకంత పగులు కంటికి కనిపించదు, కానీ దారాన్ని కోసేస్తుంది. కొంచెం దూదిని ఉండ చేసి ఉంగరం లోపల గుండ్రంగా తిప్పండి. పోగు ఎక్కడ పట్టుకుంటే పగులు అక్కడే. ఒక్క ఉంగరం మార్చుకుంటే సరిపోయేదానికి రాడ్ మొత్తం మార్చేవాళ్లున్నారు. ముడుచుకునే రాడ్లను తడిగా, ఇసుకతో ముడవకండి. అడుగు మూత విప్పి, భాగాలన్నీ కిందికి జార్చి కడిగి, విడివిడిగా ఆరనివ్వండి. కార్బన్ రాడ్ విద్యుత్తును ప్రసరింపజేస్తుంది. కాలువ గట్ల మీద కరెంటు తీగలు కిందికి వేలాడే చోట విసరకండి, ఉరుము వినిపిస్తే రాడ్ కింద పెట్టి అక్కడి నుంచి వెళ్లిపోండి.

కొనేటప్పుడు

ఇన్ని చేశాక కూడా కొన్ని కొనక తప్పదు. డబ్బు కొక్కేలకు, దారానికి పెట్టండి, చేపకూ మీకూ మధ్య ఉండేవి ఆ రెండే. పెట్టెలకు పెట్టకండి, స్వీటు డబ్బాలు, మందుల అరల డబ్బాలు చాలు. కాలువలకు, నదికి ఒక మాదిరి రాడ్, 3000 సైజు (మధ్యరకం) రీలు ఒకటి ఉంటే జెల్ల నుంచి శీలావతి దాకా పని జరుగుతుంది.

వాడిన రీలు కొంటుంటే స్పూల్ తీసి కడ్డీ మీద తుప్పు చూడండి. హ్యాండిల్‌ను చెవి దగ్గర పెట్టి అతి నెమ్మదిగా తిప్పండి. వేగంగా తిప్పితే తెలియని గరగర నెమ్మదిగా తిప్పితే తెలుస్తుంది. ఉప్పు నీళ్లకు వాడారా అని మొహమాటం లేకుండా అడగండి.

తీసేసిన దారాన్ని ఏం చేయాలి

ఈ పనంతా అయ్యేసరికి మీ పక్కన పాత దారం గుప్పెడు పోగవుతుంది. దాన్ని గట్టు మీద వదలకండి, చెత్తబుట్టలో ఉండలా కూడా వేయకండి. కాళ్లకు నైలాన్ చుట్టుకుని ఎగరలేక కాలువ పక్క తుమ్మచెట్టుకు వేలాడిన కొంగను నేను కత్తెరతో విడిపించాను. ఒక కాలు అప్పటికే నల్లబడింది. దారాన్ని వేలెడు ముక్కలుగా కత్తిరించి, ఒక నీళ్ల సీసాలో వేసి, తుప్పు పట్టిన కొక్కేలను కూడా అందులోనే వేసి మూత బిగించండి. గాలం సంచిలో అలాంటి సీసా ఒకటి ఎప్పుడూ ఉంచండి. జూన్‌లో నీళ్లు రాకముందే, కాలువ ఇంకా ఎండి ఉండగా, మీరు రోజూ కూర్చునే చోటికి ఒక్క ఉదయం వెళ్లండి. రాళ్ల మధ్య వేలాడే దారాలు ఏరి అదే సీసాలో వేయండి. వాటి చివర సీసపు గుండ్లు దొరుకుతాయి, అవి కడిగి తెచ్చుకోండి. ఈ ఏడాదికి గుండ్లు కొనే పని తప్పుతుంది.